ఒడ్డెక్కిన నావ

కోనసీమ యనగానే కొబ్బరితోటలును, కాలువగట్లును, పచ్చని వరిచేలును మన కన్నులకు కట్టును. కాని యీ సీమ యసలు రూపము నీరు. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయము, దక్షిణమున సముద్రము. ఇన్ని నీళ్ల నడుమ నిలిచిన లంక యిది. వంతెనలు లేని రోజులలో పెండ్లివారు తరలివచ్చినది నావపైననే. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి చేరినది నావపైననే. ఇట్టి సీమలో పుట్టి పెరిగియు, నావకు కూడ మన యిండ్లవలె ఏటేట మరమ్మతు కావలెననియు, ఆ మరమ్మతులో ఇల్లాలి చేయి యుండుననియు మొన్నటి వేసవివరకు నేనెరుగను. అక్కడ చూచినదానిని మీతో చెప్పుకొనవలెనను కోరికతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాజోలులో మా పుట్టింటి వీథికి చాలకాలముగా ఒక పెద్దమ్మ ఎండుచేపలు తెచ్చి అమ్మును. ఆమెది అంతర్వేది పల్లిపాలెము. కొన్నియేండ్లుగా వేసవి వచ్చినంతనే ఆమె రాక తగ్గిపోవుచున్నది. "పాపము, వాళ్లకు ఒడ్డు రోజులు వచ్చినవి" అని మాయమ్మ యనెడిది. ఒడ్డు రోజులనగా నేమో నేనడిగిన దానను కాను. మొన్న జ్యేష్ఠమాసారంభమున పుట్టింటికి పోవలసివచ్చినపుడు, ఆమెను చూచి రావలెనని బుద్ధి పుట్టినది.

అమలాపురమునుండి రాజోలు పోవుటకు నేడు బోడసకుర్రువద్ద వైనతేయముపై వంతెన కలదు. అయినను నేను కోరి అంబాజీపేట, గన్నవరముల మీదుగా పోయితిని. గన్నవరపు అక్విడక్టును మరల చూడవలెనని నా కోరిక. సర్ ఆర్థర్ కాటన్ దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆ నీటిని వైనతేయపు ఆవలి లంకలకు దాటించుటకై ఇక్కడ నదిపై 49 కమానులతో కాలువనే వంతెనగా కట్టించిరి. క్రింద నది, పైన కాలువ! చిన్ననాట చూచిన ఆ వింత ఇప్పటికిని వింతగానే యున్నది. దాని చెంతనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టియున్నారు. వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము లేదనక అన్నము పెట్టిన ఆ మహాతల్లి (1841–1909) కాపురమున్న లంకలగన్నవరము ఇక్కడికి సమీపముననే యున్నది.

ఈ కాలువలు పైరులకొరకే గాక పడవల రాకపోకలకును త్రవ్వించినవి. గాలి కుదిరినపుడు తెరచాప ఎత్తియు, కుదరనపుడు గట్టువెంబడి నడచుచు త్రాటితో లాగియు, ధాన్యమును కొబ్బరికాయలను పడవవారు మోయించెడివారు. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, లాకులు బాగుచేయుదురు. ఆ దినములలో పడవ కదలదు గదా! పడవవారు ఆ యెడమున తమ పడవలను బాగుచేసికొనెడివారు. రోడ్డులును లారీలును వచ్చి పడవలకు పని లేకుండ చేసినవి. నేను పోయిననాటికి కట్టివేత ముగిసి కాలువకు కొత్తనీరు వదలియుండిరి. ఎఱ్ఱని నీరు గట్లనొరసికొని పారుచున్నది గాని, దానిమీద సరుకు పడవ ఒక్కటియు కానరాలేదు. కాలువ పడవవారి ఆ పాత యాచారము ఇప్పుడు సముద్రపుటొడ్డున మాత్రము మిగిలియున్నదని మరునాడు తెలిసికొంటిని.

మరునాడు మా వదినెగారిని వెంటబెట్టుకొని రాజోలునుండి మలికిపురము, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరితిమి. వసిష్ఠ సముద్రమున కలియు చోటిది. ముందుగా లక్ష్మీనరసింహస్వామివారి దర్శనము చేసికొంటిమి. ఇప్పటి యాలయమును 1823 నాటికి పూర్తిచేయించినవారు బెండమూర్లంకకు చెందిన కొపనాతి కృష్ణమ్మగారు. పేరు కృష్ణమ్మయైనను ఆయన పురుషుడే. ఓడలు నడిపిన వంశమువాడు. ఓడలు తెచ్చిన ధనముతో నిలిచిన గోపురమిది యనుకొనగా, దాని నీడలో నిలువబడిన నాకు సముద్రము మరికొంత దగ్గరగా తోచినది.

వసిష్ఠకు ఆవలియొడ్డున నున్న నరసాపురముకూడ ఒకప్పుడు ఓడల పుట్టినిల్లే. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాతపు తీరముల తిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్లనావికుడు, ఇక్కడ మంచి కలప, మంచి యినుము, నేర్పరులగు వడ్రంగులు దొరకుదురని వ్రాసిపెట్టెను. పరదేశపు వర్తకులు తమ యోడలను ఇక్కడ కట్టించుకొనిరి. గౌతమి చెంత కోరంగి ఇంకను పేరు మోసినది. కలకత్తాకును ట్రింకోమలైకును నడుమ పెద్దయోడలను ఒడ్డెక్కించి బాగుచేయదగిన రేవు అదియొక్కటే యని మండల చరిత్రలు చెప్పుచున్నవి. ఆ రేవునుండి బర్మాకు పోయినవారిని బట్టియే అక్కడివారు తెలుగువారినందరిని కోరంగీలని పిలిచిరి. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని తుడిచిపెట్టినవి. అయినను పని నేర్చిన చేతులు మిగిలినవి. కోరంగికి చేరువనున్న తాళ్లరేవులో కొయ్యనావలు కట్టు విద్య తరతరములుగా నిలిచి వచ్చినది.

పల్లిపాలెము చేరునప్పటికి ప్రొద్దు వాలుచున్నది. కనుచూపుమేర నావలన్నియు ఒడ్డుననే యున్నవి. కొన్ని ప్రక్కకు ఒరిగి, కొన్ని తాటిదూలములపై నిలిచి, కొన్ని కొబ్బరాకుల పందిరిక్రింద దాగి, పండుగనాడు వెల్లవేయుటకు సామాను బయటపెట్టిన యింటివలె నా యొడ్డంతయు కనబడినది. ఇవియే ఒడ్డు రోజులు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వలవేసినచో మరుసటియేటికి చేప మిగులదు. అందుచేత తూర్పుతీరమంతట ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, అనగా 61 దినములు, మరపడవలును మోటారు బిగించిన నావలును సముద్రముపైకి పోరాదని ప్రభుత్వపు కట్టడి. 2015కు పూర్వము ఇది 47 దినములే యుండెను. తెడ్డుతోడను తెరచాపతోడను మాత్రమే పోవు నావలకు ఈ కట్టడి లేదు. కాని నేడు మోటారు లేని నావ ఎన్ని యిండ్లకున్నది? ఆ రెండు నెలల భృతిగా 2019 నుండి జాలరి కుటుంబమునకు 10,000 రూపాయలును, 2025లో 20,000 రూపాయలును ప్రభుత్వమువారిచ్చిరి.

మన కిది వేసవి ముచ్చట. చలిదేశములలో నిదియే శీతకాలపు ముచ్చట. ఇంగ్లండు, స్వీడను మొదలగు దేశములవారు చలి ముదరకముందే తెరచాప నావలను ఒడ్డెక్కించి, గుడ్డ కప్పి, చలి తీరినపిమ్మట గీకి, రంగువేసి మరల నీటికి దింపుదురు. వారి నావకు మంచు పగ. మన నావకు ఎండ పగ. చేయవలసిన పని మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

పెద్దమ్మ మమ్ము చూచి ఆశ్చర్యపడి, చాప పరచి, కొబ్బరినీళ్లిచ్చి కూర్చుండబెట్టినది. ఇంటిముందరనే ఆమె నావ యున్నది. తాళ్లరేవులో కట్టినదట. ముప్పదియడుగుల పొడవుండును. ముందుకొనను అణియమందురు; వెనుకకొనను అమరమందురు. అమరమువద్ద మోటారు బిగించు తావు. నడుమ తెరచాపకొయ్య నిలుపు గుంట. "మోటారుండగా తెరచాప యేల?" అని నేనడిగితిని.

"మోటారుకి డీజిలు కావాలమ్మా. గాలికి డబ్బులడిగేవాళ్లు లేరు. మోటారు ఆగిపోయిన రోజున ఇంటికి తెచ్చేది ఈ గుడ్డే" అని పెద్దమ్మ నవ్వినది.

ఆమె చెప్పగా తెలిసినది. తెల్లవారుజామున గాలి నేలమీదనుండి సముద్రమువైపు వీచును. అది నావను లోపలికి కొనిపోవును. మధ్యాహ్నము దాటగానే నేల వేడెక్కి, గాలి సముద్రముమీదనుండి ఒడ్డువైపు తిరుగును. అది నావను ఇంటికి చేర్చును. ఈ రాకపోకలు నమ్ముకొనియే వెనుకటివారు మోటారెరుగని రోజులలో వేట సాగించిరి.

నావ చుట్టును తిరిగి చూచితిని. పలకకును పలకకును నడుమ వ్రేలిగోరు దూరునంత సందులు పడియున్నవి. ఇంతటి నావకు ఒడ్డుననే యిట్టి గతి పట్టినదేమని నా సందేహము. పెద్దమ్మ చెప్పిన సమాధానము నేను మరువలేదు.

"చెక్కకి దాహమెక్కువమ్మా. నీళ్లలో ఉన్నన్నాళ్లూ ఒళ్లు నిండి ఉంటది. ఒడ్డెక్కిందా, ఎండకి ఎండి ముడుచుకుంటది. సముద్రం కన్నా ఒడ్డే నావకి చేటు."

అందువలననే పందిరి వేయుదురు. ప్రొద్దుటను సాయంకాలమును నావమీద నీళ్లు చల్లుదురు. ఈ రెండునెలలు ఆ నీళ్లు మోసినది పెద్దమ్మయు ఆమె కోడలును. మన తులసికోటకు నీళ్లు పోసినంత నియమముగా నావకు పోసిరట. అయినను వైశాఖపుటెండకు సందులు విచ్చినవి.

పని యేయే వరుసను జరుగునో కోడలు నాకు విప్పి చెప్పినది. మొదట నావ అడుగున అంటుకొన్న గుల్లలను గీకివేయుదురు. అవి యున్నచో నావ బరువెక్కి నడక మందగించును. గీకినపిమ్మట పలకలను సుత్తితో మెల్లగా కొట్టుచు పోదురు. గట్టి పలక ఖణేలుమనును; పుచ్చినది గుమ్మడికాయవలె బొద్దుగా పలుకును. ఉప్పునీట నొక పురుగు గలదు. చూచుటకు పురుగువలె నున్నను అది ఆలుచిప్పల జాతి జీవి. పలకలో సూదిమొన యంత రంధ్రము చేసికొని దూరి, లోలోపల పెరిగి, కొయ్యను జల్లెడవలె తొలిచివేయును. పైకి పలక చెక్కుచెదరదు. దీనికి విరుగుడుగా వెనుకటి యోడలవారు సున్నమును నూనెతో నూరి అడుగున పట్టించెడివారు. ఇప్పుడు అంగడిలో దొరకు రంగులు వేయుచున్నారు.

తరువాత సందులలోని పాతనారను కొక్కెముతో లాగివేసి, కొత్తనారను పురిపెట్టి, మొద్దుటులితో సుత్తిదెబ్బలతో దట్టింతురు. నార పురిపెట్టుట ఆడవారి పని. పురి వదులైనచో నీరు దూరును. మిక్కిలి బిగువైనచో నీటిలో ఉబ్బినపుడు పలకనే ప్రక్కకు త్రోయును. "పిండి కలిపినప్పుడు నీళ్ల పాలు చేతికి తెలుస్తది చూడండి, ఇదీ అంతే" అని కోడలు చెప్పినది. ఆపైన గుగ్గిలమును నూనెతో కాచి, వేడివేడిగా ఆ సందులపై పూయుదురు. ఒడ్డంతయు నా కాగుచున్న గుగ్గిలపు వాసనయే. దేవతార్చన వేళ ధూపము గుర్తునకు వచ్చినది.

నార దట్టించుట ఆనాటికి ముగిసియుండెను. ఇక రంగు వేయుటయే తరువాయి. పెద్దకొడుకు రంగు డబ్బాలు తెచ్చి పెట్టెను. మరపడవలు కదలు దినమునకు పదిరోజులు మాత్రమే యున్నవి. రెండునెలలు వల పడని సముద్రములో మొదటి దినముల వేట చాల విలువైనది. ఏ యింటివారైనను ఆనాటికి తమ నావ నీట నుండవలెననియే కోరుదురు.

చీకటి పడగానే పెద్దమ్మ నావలోనికి దీపము తెమ్మనినది. దీనిని ఆమె ఏటేట చేయునట. లోపల దీపము పట్టుకొని ఒకరు పలకల వెంబడి మెల్లగా జరుగవలెను; బయట చీకటిలో మరియొకరు చూచుచు రావలెను. సందు సరిగా పూడనిచోట వెలుగుగీత కనబడును. దీపము పట్టుపని నేనడిగి తీసికొంటిని. నావ కడుపులో మోకాళ్లపై జరుగుచు, బయటినుండి "ఆగమ్మా", "కదలమ్మా" యని వినవచ్చు మాట ననుసరించి దీపమును జరుపుచు పోయితిని. అణియమునుండి నడుమవరకు ఒక్క వెలుగు కూడ బయట పడలేదు. అమరము చేరువకు వచ్చునప్పటికి, "అక్కడే ఉంచండి" అని పెద్దమ్మ కేకవేసినది.

బయటకు దిగి చూచితిని. వెలుగు సందులో లేదు. పలక నడుమ నున్నది! ఆవగింజంత చుక్క. ఒక మేకు చుట్టును పలక నల్లబడియున్నది. ఇనుము త్రుప్పు పట్టి ఆ చుట్టునున్న కొయ్యను తినివేసినది. పెద్దమ్మ నడుమున దోపుకొన్న కత్తి తీసి అక్కడ గుచ్చినది. జున్నులో దిగినట్లు సగము కత్తి దిగినది.

ఎవరును మాటాడలేదు. ఆపలక మోటారు బరువును మోయు పలక. మార్చవలెనన్న మోటారు తావు విప్పవలెను. కొలతకు తగిన టేకుపలక తేవలెను. వడ్రంగి మేస్త్రి చేతిలో అప్పటికే నాలుగు నావలు వరుసలో నున్నవి. జూను 15కు నావ నీట దిగదు.

"గుగ్గిలం దట్టించి రంగేసేద్దామమ్మా, కనపడదు. ఈ యేడు గడిచాక చూద్దాం" అని కొడుకనెను. అతని మాటలో మోసము లేదు. ఇంట రెండునెలలుగా రాబడి లేదు. భృతిగా వచ్చినది నారకును రంగుకును బియ్యమునకును సరిపోయినది. వచ్చు మాసమున పిల్లల బడి ఖర్చు తలమీద నున్నది.

పెద్దమ్మ కొంతసేపు ఆ పలకమీద చేయి వేసి నిలువబడినది. "రంగేస్తే మనకి కనపడదురా. నీటికి కనపడుద్ది" అని మాత్రము అనినది.

నది సముద్రమున కలియు చోటును వారు మొగ యందురు. ఆ చోట ఇసుకమేటలుండును. వాటిమీద అలలు విరుగును. జ్యేష్ఠాషాఢములలో నైరుతిగాలి బలముగా వీచునపుడు మొగ దాటుటయే గండము. అమరపు పలక అక్కడ విడినచో మోటారు పోవును. మోటారు పోయిన నావ అలకు అడ్డము తిరుగును. ఇది యా యింట అందరికి తెలియును. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ తీరమును మొత్తినపుడు ఎన్ని యిండ్లలో దీపములారినవో చెప్పనక్కరలేదు. పెద్దమ్మ మరిదియు ఆ తుపానులో తిరిగి రాలేదని తరువాత వదినెగారు నాతో చెప్పిరి. ఆ రాత్రి పెద్దమ్మ ఆ మాట ఎత్తనైన లేదు.

ఆమె లోనికి పోయి, మెడలోని రెండుపేటల గొలుసు తీసి కొడుకు చేతిలో పెట్టినది. "బ్యాంకిలో పెట్టి పలక తే. మన నావ వారమాలస్యంగా పోద్ది. సముద్రం ఎక్కడికీ పోదు" అనినది. కోడలు ఒక్క క్షణము ఊరకుండి, తన చేతి గాజులవంక చూచుకొని, "అవసరమైతే ఇవి కూడా" అనినది. పెద్దమ్మ తల యడ్డముగా నూపినది. నేను చూచుచుండగనే జరిగినది గనుక వ్రాయుచున్నాను. ఇది కల్పన కాదు.

మేము సెలవు తీసికొనుటకు ముందు పెద్దమ్మ తెరచాప చూపినది. చూరుక్రింద చుట్టగా చుట్టి కట్టినది. నేడు అందరును నైలాను పట్టాలే వాడుచున్నారు. ఇది మాత్రము మామగారి నాటి నూలుగుడ్డ. వెనుకటి రోజులలో మడచెట్ల బెరడును నీట మరిగించి, ఆ కషాయములో తెరచాపలను వలలను ముంచి ఆరబెట్టెడివారట. ఆ యెఱ్ఱని రంగు గుడ్డ చివుకకుండ కాపాడును. ఇప్పుడు మడయడవులను కాపాడుచున్నారు; కోరంగి యడవి 1978లోనే అభయారణ్యమైనది. బెరడు ఒలువరాదు, ఒలువకుండుటయే మేలు. ఉప్పెన వచ్చినపుడు అలల వేగమును మొదట తగ్గించునది ఆ చెట్లే గదా! తెరచాప అంచున ఎలుక కొరికినచోట కోడలు దబ్బనముతో జంటకుట్టు వేయుచుండెను. మన చీరెకు వేయు కుట్టు ఒకవైపు చక్కగా నుండిన చాలును. తెరచాప కుట్టు రెండువైపుల ఒక్క బలముగా నుండవలెను. గాలి ఏవైపునుండి వచ్చునో ముందుగా నెవరికి తెలియును?

జూను 15 వచ్చినది. తక్కిన నావలు సముద్రమునకు పోయినవని రాజోలు సంతలో చేపలు చూచి తెలిసికొంటిని. పెద్దమ్మ నావ ఇంకను ఒడ్డుననే యున్నదని నా మనస్సు తెలియుచునే యున్నది. ఎనిమిదిరోజుల తరువాత, పలక బిగించినారనియు, అమావాస్యకు ముందరి పోటునీటికి నావను దింపుచున్నారనియు కబురు వచ్చినది. నేనింకను పుట్టింటనే యుంటిని గనుక మరల పోయితిని.

నావకు పసుపు పూసి, అణియమునకు బొట్టు పెట్టి, మామిడికొమ్మ కట్టిరి. పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టి, గంగమ్మతల్లికి దండము పెట్టినది. క్రింద తాటిదూలములు వరుసగా పేర్చి, ఇరుగుపొరుగు మగవారందరు భుజములు ఆన్చి, "హైలెస్సా" యని ఒక్కగొంతుతో త్రోయగా నావ జరజర జారి ఏటిపాయలో పడినది. నాకు సంతోషముతో కన్నీరు వచ్చినది. కాని మరుక్షణముననే గుండె గుభిల్లుమన్నది. నావలోనికి నీరు ఊరుచున్నది! గడియలో చీలమండ మునుగునంత నిండినది. నేను కంగారుపడి పెద్దమ్మ చేయి పట్టుకొంటిని.

"భయపడకమ్మా. రెండు నెలల దాహం. తాగనీ" అనినది.

దింపిననాడే నావను సముద్రమునకు కొనిపోరు. లోతు లేని పాయలో కట్టివేసి, నీరు ఊరనిచ్చి, తోడివేసి, మరల ఊరనిత్తురు. కొయ్య నీరు త్రాగి ఉబ్బును, నారయు ఉబ్బును, సందులు తమంత తామే మూసికొనును. మొదటినాడు నాలుగుసార్లు తోడిరి, రెండవనాడు రెండుసార్లు. మూడవనాటి యుదయమున అడుగున అరచేయి మోపి చూడగా తడి యున్నది గాని నీరు లేదు. కొత్త పలక మాత్రము మొదటినాటినుండియు పొడిగానే యున్నది. కొడుకు ఆ పలకను ఒక్కసారి వ్రేళ్లతో తట్టి, ఏమియు అనకుండ మోటారు బిగించుకొనెను.

అమావాస్య వెళ్లిన మరునాడు వేకువజామున నావ కదలినది. ఆషాఢము శూన్యమాసము గదా యని మా వదినెగారు మెల్లగా అనిరి. "మాకు శూన్యమాసాలు రెండూ అయిపోయాయమ్మా" అని పెద్దమ్మ జవాబు చెప్పినది. పోటునీరు నిండి నిలకడపట్టు వేళ చూచి నావను మొగ దాటించవలెను. దూరమున తెల్లని నురుగుగీతమీద నావ ఒక్కసారి పైకిలేచి, క్రిందికి దిగి, కానరాక, మరల ఆవలివైపున కనబడువరకు ఒడ్డునున్న మే మెవరమును ఊపిరి తీయలేదు.

మధ్యాహ్నము మూడుగంటలకు గాలి తిరిగినది. వచ్చుచున్న నావలలో మన నావ ఏదని నేను వెదకుచుండగా కోడలే ముందు గుర్తుపట్టినది. అన్నింటిలోను ఎఱ్ఱబారిన నూలు తెరచాప ఎత్తినది అదియొక్కటే. డీజిలు మిగుల్చుకొని గాలిమీద వచ్చుచున్నారు. దబ్బనపుకుట్టు వేసిన అంచు గాలికి బిగిసి నిలిచియున్నది. వేట గొప్పగా లేదు. మొదటి దినముల చేప తక్కిన నావలకు పోయినది. అయినను ఎవరును ఆ మాట పైకి అనలేదు. కొడుకు నావ దిగి, తల్లి చేతికి మొదటి చేపబుట్ట నందించి, "ఒక్క చుక్క రాలేదమ్మా" అనెను.

గొలుసు ఇంకను బ్యాంకులోనే యున్నది. దానిని విడిపించుటకు ఎన్ని వేటలు కావలెనో పెద్దమ్మ వ్రేళ్లమీద లెక్క చెప్పినది. శ్రావణము గడచుసరికి మెడలోనికి వచ్చునని ఆమె నమ్మకము.

ఇక నామాట. అటకమీది సామాను, ఇంటికప్పు, దొడ్డిలోని నూతిగట్టు మొదలైనవానికి పైపూత వేసి "ఈ యేడు గడువనీ" యని నేనెన్నిసార్లు అనుకొంటినో! అమలాపురము తిరిగివచ్చిన మరునాడే మా వంటయింటి దూలము నొకదానిని సుత్తితో తట్టి చూచితిని. అది ఖణేలుమనలేదు. వడ్రంగికి కబురు పంపితిని.